పన్నెండిళ్ల తాళంచెవులు

అప్పలనరసమ్మ ఇంట్లో దేవుడి పటం పక్కన గోడకి పన్నెండు మేకులు ఉన్నాయి. మేకుకొక తాళంచెవి. ఒక్కో చెవికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉంటుంది. చీర అంచుదో, పిల్లల గౌనుదో, పాత లుంగీదో, ఏ ఇంటి పీలిక ఆ ఇంటిదే. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా కళ్లు మూసుకుని చెయ్యి పెడితే ఏ ఇంటి చెవి కావాలో అదే చేతికి వస్తుంది. మా ఆఫీసులో బీరువా తాళంచెవి కోసం వారానికి రెండుసార్లు ఇంటిల్లిపాదీ వెతికినట్టు వెతుకుతాం. అందుకే ఆ గోడ చూసినప్పుడల్లా నాకు కొంచెం కుళ్లు.

నేను ఆ పంచాయతీకి కార్యదర్శిని. పేరు అనూరాధ. మాది శృంగవరపుకోట. ఉద్యోగం కోసం చీపురుపల్లిలో గది తీసుకుని, రోజూ తొమ్మిది కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్లి వస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అంటారు. అబద్ధమేమీ కాదు. ఈ కథలో ఆ కోపం చేసిన నష్టం కూడా ఉంది, దాచను.

పంచాయతీకి చివర, గెడ్డ అని పిలిచే వాగు దాటాక, అవతలపేట అని ముప్పై ఆరిళ్ల పేట ఉంది. ఎండాకాలంలో ఆ గెడ్డలో మోకాలు కూడా తడవదు. వానాకాలం నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పేట దీవి అయిపోతుంది. బడి లేదు, రేషను లేదు, డాక్టరు లేడు. పండగలయ్యాక పన్నెండిళ్లవాళ్లు తాళాలు వేసి విజయవాడకో, చెన్నైకో మేస్త్రీ పనులకు వెళ్లిపోతారు. వెళ్లేటప్పుడు తాళంచెవి అప్పలనరసమ్మ చేతిలో పెడతారు.

ఆమెది పాతపట్నం అవతల, ఒడిశాలో ఊరు. పదహారేళ్లకి ఈ పేట కోడలిగా వచ్చింది. ఇప్పుడు అరవై దాటాయి. భర్త పోయి ఇరవై ఏళ్లు. ఉన్న ఎకరంలో వరి, గట్ల మీద కంది. ఎడమ బొటనవేలి మీద కొడవలి గాటు అడ్డంగా ఉంటుంది, కోతల్లో తెగినది. మామూలుగా మాట తక్కువ. కోపం వస్తే మాత్రం ఒడియాలో తిడుతుంది. ఏం తిట్టిందో ఎవరికీ తెలియదు గనక ఎవరూ తిరిగి తిట్టలేరు.

తాళంచెవి ఇచ్చి వెళ్లడం చాలా ఊళ్లలో ఉంది. కానీ అవతలపేటలో ఇంకో సంగతి ఉంది, నాకు మరెక్కడా కనబడలేదు. చెవి ఎవరికి ఇచ్చారో, ఆ ఇంటి తరఫున మాట చెప్పే బాధ్యత కూడా వాళ్లదే. గుడి చందా అయినా, చెరువు నీటి వంతు అయినా, పేటలో నలుగురు కూర్చుంటే అప్పలనరసమ్మ తన ఇంటి మాట ఒకటి, తాళం వేసిన పన్నెండిళ్ల మాటలు పన్నెండూ చెబుతుంది. సొంతంగా కల్పించి కాదు. జీడితోట మిట్ట మీద ఫోను సిగ్నల్ దొరికే చోటుకి వెళ్లి, ఒక్కో ఇంటివాళ్లకీ చిన్నతల్లి చేత నంబరు కొట్టించి అడుగుతుంది. చిన్నతల్లి మహిళా సంఘం లీడరు. ఆమె నవ్వుతూ చెప్పింది నాకు, ఏ ఇంటివాళ్లతో మాట్లాడుతోందో ఆ ఇంటి చెవి చేతిలో ఉంటేగానీ ముసలమ్మ నోరు విప్పదని.

పోయిన ఫిబ్రవరిలో మా గ్రామ ప్రణాళిక కమిటీ కూర్చుంది. సర్పంచ్ నరసింగరావు, నేను, ఇంజినీరు జయకృష్ణ, మహిళా సంఘాల నుంచి ఇద్దరు, ఊరి పెద్దలు ఇద్దరు. పంచాయతీ, సంఘాలు, శాఖలు కలిసి కూర్చుని ఊరికి ఏం కావాలో రాసి పంపితే, పైవాళ్లు చూసి పని మంజూరు చేస్తారు. అవతలపేటకి గెడ్డ మీద చిన్న వంతెన అని రాశాం. అవసరం ఏమిటో రాసే చోట నేనే నా చేత్తో రాశాను: "మూడేళ్ల క్రితం వరద సమయంలో గర్భిణిని ఆసుపత్రికి తరలించలేక గట్టుపైనే ప్రసవం జరిగినది. శిశువు మరణించినది." చిన్నతల్లి చెబితే రాసుకున్నాను. ఎవరి బిడ్డ అని అడగలేదు. ఫారంలో పేరు అక్కర్లేదు.

ఈ పథకానికి ఒక నిబంధన ఉంది. పని జరిగే పేటలో మూడింట రెండు వంతుల ఇళ్లు ఒప్పుకున్నట్టు సంతకాలు ఉండాలి. అంటే ఇరవై నాలుగు ఇళ్లు. మనుషులున్న ఇళ్లు సరిగ్గా ఇరవై నాలుగే. అందులో రెండిళ్ల అన్నదమ్ములకి నరసింగరావుతో మాటల్లేవు. అతను పక్కనుంటే రథసప్తమి నాడు సూర్యుడికి కూడా దండం పెట్టరు. వాళ్లు సంతకం పెట్టరని అందరికీ తెలుసు. మిగిలింది ఇరవై రెండు. ఇంకా రెండు కావాలి.

గ్రామసభ రోజు పేట రామమందిరం ముందు చాపలు పరిచాం. జిల్లాకి ఫైలు పంపడానికి అదే ఆఖరి రోజు. నా ఫోను ఆగకుండా మోగుతోంది. ఇరవై రెండు సంతకాలు, వేలిముద్రలు అయ్యాక అప్పలనరసమ్మ ముందుకొచ్చి చాప మీద కూర్చుంది. కొంగులోంచి పన్నెండు తాళంచెవులూ తీసి వరసగా పెట్టింది.

"ఇదేటమ్మా?" అన్నాను, వాళ్ల మాటే నా నోటికి వచ్చేసింది.

"తాళమేసినోలిల్లమ్మ. అందర్నీ అడిగినాను. ఒక్కోటి సెప్తాను, రాసుకో."

నేను చిన్నతల్లి వైపు చూశాను. "మా పేటలో అంతేనండి" అంది ఆమె. నరసింగరావు నా చెవి దగ్గరకి వంగి, "రాసెయ్ అమ్మా, టైమవుతన్నాది" అన్నాడు. నేను ఇంటి యజమాని పేరు రాయడం, ముసలమ్మ ఆ పక్కన వేలు వెయ్యడం. అలా పదకొండు. వేలు వేసేముందు ప్రతిసారీ ఆ ఇంటి చెవిని ఒకసారి ముట్టుకునేది.

పన్నెండోది ఆకుపచ్చ పీలిక ఉన్న చెవి. "ఇది మీసాల గంగులోలిల్లు" అంది. "ఆడు వద్దంటన్నాడు."

"వద్దా?"

"వద్దు. ఏటంటే అమ్మ, ఆ మూల..."

"కారణాలు రాసే గడి ఈ ఫారంలో లేదమ్మా" అన్నాను. అన్నానా, కసిరానా? కసిరాను. "అవునా కాదా చెప్పు, చాలు. వద్దయితే ఇదుగో ఈ వైపు వెయ్యి."

ఆమె ఆకుపచ్చ పీలిక చెవిని ఒకసారి ముట్టుకుంది. తర్వాత 'వ్యతిరేకం' అని ఉన్న గడిలో, ఒంటరిగా, వేలు వేసింది. పేటవాళ్లలో ఎవరో వెనకనుంచి, "మూరెడు నేల పోద్దని ఏడుస్తన్నాడు ఎదవ" అన్నారు. వంతెనకి వెళ్లే దారి గంగులు పొలం మూల మీదుగా పోతుందని ప్లానులో ఉంది. నేనూ అదే అనుకున్నాను. ముప్పై మూడు ఒప్పుకున్నట్టు లెక్క చూసి, ఫైలు కట్టేసి, స్కూటీ ఎక్కాను.

పని మంజూరైంది. వానలు రాకముందే పునాది పడాలని, పడకపోతే పని వేరే పంచాయతీకి వెళ్లిపోతుందని కాగితంలో రాశారు. ఏప్రిల్ రెండో వారంలో ఇంకో కాగితం వచ్చింది. మా ప్రణాళిక నిజంగా ప్రజలు చేసిందో కాదో చూడటానికి పరిశీలన అధికారి వస్తున్నారట.

వచ్చినాయన పేరు భీమశంకరరావు. యాభై ఐదేళ్లు ఉంటాయి, సన్నగా, తెల్ల చొక్కా. పెద్దగా అరవడు. అరిచేవాళ్లతో నాకు భయం లేదు, నేనూ అరవగలను. ఈయన పంచాయతీ ఆఫీసులో కూర్చుని, రిజిస్టరు తెరిచి, అవతలపేట పేజీ మీద పావుగంట వేలు పెట్టుకుని ఉండిపోయాడు. తర్వాత చేతిసంచీలోంచి భూతద్దం తీశాడు.

"పేటకి వెళ్దాం" అన్నాడు. "ఈ వేలు ఎవరిదో చూడాలి. పదమూడు చోట్ల ఒకే గాటు ఉంది."

ఆయన జీపు వైపు నడుస్తుంటే నరసింగరావు నన్ను గోడ వెనక్కి లాగాడు. మనిషి మంచివాడే, కానీ పని జరగాలంటే ఏ దారైనా ఒకటే అతనికి. "సూడమ్మా. మా కళ్లంలో ఇద్దరు మనుసులున్నారు. తాళమేసినోలలో దేవేంద్ర పేరు ఒకడు, ఇంకో పేరు ఇంకోడు సెప్పి కూకుంటారు. నిన్నే దిగినామంటారు. రెండు సాలు గదా?"

"ఆయన ఆధార్ అడిగితే?"

"అయితే ముసలమ్మ మీద తోసెయ్. నీకు తెలీకుండా ఏసేసినాదని సెప్పు. సదువురాని ముసల్ది, దాన్నేటి సేస్తారు? నీ ఉద్యోగం ఉంటాది, ముందు అది సూసుకో."

నేను వద్దనలేదు. ఆ మాట ఇక్కడ రాయాలి. జీపు వెనకాల స్కూటీ మీద వెళ్తూ గెడ్డ దాటేదాకా అదే మాట నోట్లో తిప్పుకుంటూ వెళ్లాను. నాకు తెలియదు సార్, రద్దీలో చూసుకోలేదు సార్. దొంగ సంతకాల కేసు అయితే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు స్టేషను మెట్లెక్కాలి. అవతలపేటకి వంతెన లేకపోతే నాకేం? నేను గెడ్డకి ఇవతల ఉండేదాన్ని. భయం వేస్తే మనిషికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

రామమందిరం అరుగు మీద భీమశంకరరావు కూర్చున్నాడు. పేటంతా పోగైంది. అప్పలనరసమ్మని పిలిపించారు. పొలంలోంచి వచ్చింది, కాళ్లకి మట్టి. ఆయన ఆమె ఎడమచెయ్యి చూపించమన్నాడు. బొటనవేలి గాటు చూశాడు, రిజిస్టరు చూశాడు.

"ఈ వేలిముద్రలన్నీ నువ్వే వేశావా అమ్మా?"

"నానే ఏసినాను బాబూ."

"ఇవి నీ పేర్లు కావు గదా?"

"కావు. తాళమేసినోలివి."

ఆయన నా వైపు తిరిగాడు. "మీ ఎదుటే వేసిందా?"

నరసింగరావు దగ్గాడు. సిద్ధం చేసుకున్న మాట అక్కడే ఉంది, పెదాల వెనక. 'నాకు తెలియదు సార్' అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఇంకా ఊపిరి తీసుకుంటూ ఉండగానే అప్పలనరసమ్మ నాకు బదులుగా జవాబు చెప్పేసింది.

"అమ్మ ఎదురుగానే. అమ్మ పేరు రాసి సదివితే, నాను ఏలు ఏసినాను. అమ్మకి తెలీకుండా ఎలాగేస్తాను బాబూ? నాకు సదువేటి ఉన్నాది?"

నన్ను కాపాడుతున్నానని అనుకుందో ఏమో. నాకు మాత్రం ఆ క్షణాన ఆమెని పట్టుకుని కుదిపేయాలనిపించింది. అంతటితో నా పని అయిపోయింది. భీమశంకరరావు ఏదో రాసుకున్నాడు.

"ఇలాంటివి నేను చాలా చూశానమ్మా" అన్నాడు ఆయన, రాస్తూనే. "సభ జరగదు. ఎవరింట్లోనో కూర్చుని వేళ్లు వేయిస్తారు. కాగితం మీద ఊరంతా ఒప్పుకుంటుంది. ఇక్కడా అదే..."

ఆగిపోయాడు. భూతద్దం పేజీ కిందకి జరిపాడు. మళ్లీ పైకి జరిపి, మళ్లీ కిందకి.

"ఇది?" అన్నాడు. 'వ్యతిరేకం' గడిలో ఉన్న ఒక్క ముద్ర.

"గంగులోలిది."

"ఇదీ నువ్వే వేశావా?"

"నానే."

"వంతెన వద్దని?"

"మరి ఆడు వద్దన్నాడు గదా బాబూ" అంది ఆమె, ఇంత చిన్న సంగతి ఈయనకి తెలియదేమిటని.

"నీకు వంతెన కావాలా, వద్దా?"

"నాకు గావాల. శానా గావాల."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దొంగతనంగా వేలు వేసేవాళ్లు తమ పనికి తామే అడ్డు వేలు వేసుకోరు. అది ఆయనకి అర్థమైందని నాకు అర్థమైంది. ఇక గండం గడిచిందని నేను అనుకోబోతుంటే ఆయన రిజిస్టరు మూసి లేచాడు.

"నువ్వు అబద్ధం చెప్పలేదని నేను నమ్ముతాను. అయినా ఈ పన్నెండూ కొట్టేస్తున్నాను. మనిషి రాకుండా వేలు చెల్లదు. పదిహేను రోజుల్లో మళ్లీ సభ. నేనే వచ్చి కూర్చుంటాను. ఉదయం పది నుంచి పన్నెండు దాకా. ఇరవై నాలుగు ఇళ్లు మనుషులతో సహా ఒప్పుకుంటే పని ఉంటుంది. లేకపోతే లేదు."

"అయితే నా మాట సెల్లదా?" అంది అప్పలనరసమ్మ. ఆమె ముఖం చూడలేకపోయాను. నలభై ఏళ్లుగా ఆ పేటలో ఎవరూ ఆమెకి ఆ ప్రశ్న అడిగే అవసరం తేలేదు.

"మాట చెల్లుతుందమ్మా. వేలే చెల్లదు" అన్నాడు ఆయన. ఆ తేడా ఆమెకి నచ్చలేదు. జీపు కదిలాక ఒడియాలో ఒక పెద్ద మాట అంది. దాని అర్థం నాకు తెలియకపోయినా ఎవరిని అందో తెలుసు. సగం ఆయన్ని, సగం నన్ను.

ఆ పదిహేను రోజులూ ఆమె జీడితోట మిట్ట దిగలేదంటే నమ్మండి. ఎండ మండిపోతోంది. చిన్నతల్లి నంబరు కొట్టడం, ఈమె ఆ ఇంటి తాళంచెవి పట్టుకుని మాట్లాడటం. నేనూ రోజూ వెళ్లేదాన్ని. ఎందుకు వెళ్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. సిగ్గు అనుకోండి. మా ఇద్దరికీ మాటలు తక్కువే. ఒకరోజు నేనే అన్నాను, "ఆ రోజు నేను అబద్ధం చెప్పబోయాను" అని.

"తెలుసును" అంది. "నీ నోరు సూస్తే తెలీదేటి."

ఇద్దరు చాలు. పన్నెండిళ్లలో ఇద్దరు వస్తే చాలు. కానీ చెన్నైలో స్లాబు పనులు నడుస్తున్నాయి, మేస్త్రీ వదలడు. విజయవాడలో ఒకతనికి కాలు విరిగింది. ఒకామె పురిటికి ఉంది. ఒక్కో ఫోను అయ్యాక అప్పలనరసమ్మ ఆ చెవిని కొంగులో వేసుకుని ఇంకోటి తీసేది. లెంక దేవేంద్ర వస్తానన్నాడు. ఝాన్సీ అనే అమ్మాయి, మొగుడితో విజయవాడలో ఉంటుంది, తనూ వస్తానంది. మాకు ప్రాణం లేచొచ్చింది. గంగులుకి ఆఖర్న చేసింది. ఆ ఫోను నేను కొంచెం దూరంగా ఉండి విన్నాను.

"ఒరే గంగులూ. నాను ఏసిన ఏలు కొట్టేసినారు. నీదీ కొట్టేసినారు. నీ మాట నువ్వే ఒచ్చి సెప్పుకోవాలంట." అంతే అంది. ఒప్పుకోమని బతిమాలలేదు. వద్దన్నవాడిని కూడా పిలవడం ఎందుకు, ఒకడు రాకపోతే మనకే మంచిది కదా అని నాకు అనిపించింది. అనలేదు. అంటే ఒడియాలో తిట్టేది.

సభ రోజు భీమశంకరరావు పదికి ఐదు నిమిషాల ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇరవై రెండిళ్లూ వచ్చి సంతకాలు పెట్టాయి. దేవేంద్ర ముందురోజే దిగాడు, ఇరవై మూడు. ఆ అన్నదమ్ముల ఇళ్లకి నరసింగరావు స్వయంగా వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి దండం పెట్టాడట. వాళ్లు తలుపు తియ్యలేదు.

పదకొండున్నరకి చిన్నతల్లి ఫోను మోగింది. ఝాన్సీ. పిల్లాడికి జ్వరమని, స్టేషనుదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయానని ఏడుస్తోంది. చిన్నతల్లి ఫోను పట్టుకుని అలాగే కూలబడింది. ఇంజినీరు జయకృష్ణ ప్లాను కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఒక్క ఇల్లు. ముప్పై ఆరిళ్ల పేట ఒక్క ఇంటి కోసం మళ్లీ వానాకాలం దీవి అయిపోతుందా?

పన్నెండుకి పది నిమిషాలుంది. గెడ్డ అవతల మోటారు సైకిలు ఆగింది. వెనకనుంచి ఒక మనిషి దిగి, ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డలోకి దిగాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసిన ఆడవాళ్లు గుర్తుపట్టారు.

"ఓలమ్మ, గంగులు."

సంతోషించినవాళ్లు లేరు. చెన్నై నుంచి రైలెక్కి చీపురుపల్లిలో దిగి, వద్దు అని చెప్పడానికి ఇంత దూరం వచ్చాడా అని అందరి ముఖాల్లోనూ ఉంది. నాకైతే వాడి మీద మండిపోయింది. ముప్పై ఏళ్ల మనిషి, మాసిన గడ్డం, రాత్రంతా నిలబడి వచ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరినీ పలకరించకుండా నేరుగా అప్పలనరసమ్మ దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

"పిన్నీ, నాది ఏటని ఏసినావు?"

"వద్దని. నువ్వు అదే సెప్పినావు గదా."

"అందరూ తిట్టినారా?"

"తిడితే తిట్టనీరా. నీ మాట నా కాడుంది. నానేటి మార్సేస్తాను?"

అతను తల ఊపాడు. అరుగు దగ్గరకి వెళ్లి చేతులు కట్టుకుని నిలుచున్నాడు. భీమశంకరరావు వాచీ చూసుకుని, రిజిస్టరు అతని వైపు తిప్పాడు.

"చెప్పు బాబూ. వంతెన కావాలా, వద్దా?"

"వద్దు బాబూ."

పేటంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నరసింగరావు కండువా దులుపుకుని లేచాడు. భీమశంకరరావు మాత్రం కలం ఎత్తలేదు.

"ఎందుకు?"

ఆ ఒక్క మాట అడగడానికి మూడు నెలలు పట్టింది. అదీ నేను అడగలేదు.

గంగులు వెనక్కి తిరిగాడు. అప్పలనరసమ్మ వైపు చూశాడు. ఆమె, "సెప్పు" అంది మెల్లగా. "ఫర్లేదు, సెప్పురా."

"మా పిల్ల ఉన్నాది బాబూ ఆ మూల" అన్నాడు. "మూడేళ్ల కింద గెడ్డ పొంగినాది. మా ఆడమనిసిని మంచమ్మీద ఏసుకొని గట్టుదాకా తెచ్చినాము. దాటనేకపోనాము. గట్టుమీదే పుట్టినాది. గంట బతికినాది. ఆడపిల్ల. ఆ మూలే పాతినాను. గురుతేటీ పెట్టనేదు, పసిగుడ్డు గదా. నాకూ పిన్నికీ తప్ప ఆ చోటు ఎవురికీ తెలీదు. ఈయమ్మే తవ్వినాది, నా సేతులు ఆడనేదు." గెడ్డ వైపు చెయ్యి చూపించాడు. "నాను వంతెన వద్దన్నేదు బాబూ. వంతెన ఉంటే మా పిల్ల బతుకును. దాని మీంచి ట్రాక్టర్లు ఎల్తాయంటే నానెలాగ ఒప్పుకుంటాను? ఆ మూల వద్దన్నాను."

నా ఒడిలో ఫైలుంది. అందులో నా అక్షరాలున్నాయి. శిశువు మరణించినది. ఆ శిశువు పేరు చెప్పి వంతెన అడిగాను, ఆ శిశువు మీదనుంచే దారి గీయించాను. ఫిబ్రవరిలో ఆమె 'ఆ మూల' అన్నప్పుడు అర నిమిషం ఆగి ఉంటే చాలు. గడి లేదన్నాను. వెనకనుంచి 'ఎదవ' అన్న గొంతు ఎవరిదో ఈ రోజు ఎక్కడా వినబడలేదు.

భీమశంకరరావు జయకృష్ణ వైపు చూశాడు. జయకృష్ణ రబ్బరు బ్యాండు తీసి ప్లాను పరిచి, గెడ్డ వైపు చూసి, మళ్లీ ప్లాను చూశాడు. "ఎగువకి పదిహేను అడుగులు జరపొచ్చు సార్. అక్కడ నేల గట్టిది కూడా. ఎవరైనా చెప్పి ఉంటే ముందే జరిపేవాణ్ణి."

"ఇప్పుడే గియ్యి. ఇతని ముందే గియ్యి."

పాత దారి కొట్టేసి కొత్తది గీశాడు. గంగులు వంగి, గీత మీద వేలు పెట్టి, ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. తర్వాత కలం తీసుకుని తన పేరు తనే రాశాడు. మీసాల గంగులు. ఇరవై నాలుగు. పన్నెండుకి ఇంకా రెండు నిమిషాలుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

అప్పలనరసమ్మ కొంగులోంచి ఆకుపచ్చ పీలిక ఉన్న చెవి తీసి అతనికి ఇచ్చింది. అతను ఆ పూట ఇల్లు తెరిచి, ఊడ్చి, పొలం మూలకి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ తాళం వేసి చెవి ఆమె చేతిలో పెట్టి రైలెక్కాడు.

వానలకు ముందే పునాది పడింది. నాకు మెమో వచ్చింది, ఇతరుల బదులు వేలిముద్రలు వేయించుకున్నందుకు. జవాబులో జరిగింది జరిగినట్టు రాశాను. ఉద్యోగం ఉంది, మెమో కూడా నా సర్వీసు పుస్తకంలో ఉంది, ఉండనీండి. ఆ అధికారి ఆ రోజు చేసింది నాకు కష్టంగానే ఉన్నా, తప్పు అనలేను. ముసలమ్మ చేసిందీ తప్పనలేను. నేను చేసింది మాత్రం అనగలను.

ఈ ఫిబ్రవరిలో మళ్లీ గ్రామసభ పెట్టాం, వంతెన మీదుగా నడిచి వెళ్లి. సంతకాలన్నీ అయ్యాక అప్పలనరసమ్మ వచ్చి కూర్చుని పన్నెండు తాళంచెవులూ నా ముందు పరిచింది.

"అమ్మా, వేలు వెయ్యకూడదు. తెలుసు కదా" అన్నాను.

"ఏలెయ్యను. ఏలుతో పని నేదు" అంది. మొదటి చెవి చేతిలోకి తీసుకుంది. "ఇల్లు ఏటంటాదో సెప్తాను. ఎందుకంటాదో కూడా సెప్తాను. నువ్వు రాయి."

ఫారంలో ఇప్పటికీ ఆ గడి లేదు. నేను ఫారం పక్కన పెట్టి, తెల్ల కాగితం తీశాను.